దస్తావేజు చెప్పని దోషము

వేలమునందు గుఱ్ఱము నమ్మువాడు, అది రోగగ్రస్తమని తానెఱిగియు నోరు మెదపకుండినచో ఆ మౌనమంత మాత్రమున మోసము కాజాలదని, 1872వ సంవత్సరపు భారత ఒప్పందముల చట్టము తన 17వ సెక్షనునకు ఉదాహరణముగా చెప్పినది. కొనునది అమ్మువాని కుమార్తెయై, అప్పుడే యుక్తవయస్సునకు వచ్చినదైనచో మాత్రము తండ్రి నిజము చెప్పవలెనని ఆ వెంటనే చేర్చినది. పదేండ్లకు, 1882లో, వెలువడిన ఆస్తి బదలాయింపు చట్టము స్థిరాస్తి విషయమున వేఱొక మార్గము పట్టినది. దాని 55వ సెక్షను ననుసరించి, విక్రేత తానెఱిగినదియు, క్రేత యెఱుగనిదియు, సాధారణమైన జాగ్రత్తతో క్రేత కనుగొనజాలనిదియు నగు ముఖ్యమైన లోపము ఆస్తియందు గాని, ఆస్తిపై తన హక్కునందు గాని ఉన్నయెడల, దానిని వెల్లడింపవలెను. వెల్లడింపకుండుట మోసమే యగునని ఆ సెక్షను చివరి భాగము సూటిగా పలుకుచున్నది. గుఱ్ఱము బేరమున తండ్రీకూతుళ్లకు మాత్రమే విధించిన సత్యమును, ఇంటి బేరమున పరాయివారికి సైతము విధించినారన్నమాట.

ఇంత చక్కని విధి నూట నలుబది యేండ్లకు పైబడి చట్టమున నుండగా, హైదరాబాదు చుట్టునున్న చెరువుల గర్భములందును, బెజవాడ బుడమేటి పల్లములందును, విశాఖ కర్మాగారముల ప్రక్కలను ఇండ్లు కొనిన కుటుంబములకు తాము కొనిన నేల గుణము వాన వచ్చిన రాత్రియో, బుల్డోజరు వచ్చిన ఉదయముననో తెలియుట ఎట్లు సంభవించుచున్నది? అమ్మకందారుల దురాశ యని చెప్పి చేతులు దులుపుకొనుట సులభము. దురాశ లేకపోలేదు. కాని దోషములో పెద్దపాలు వెల్లడి యను భారమును ఎవరిపై ఉంచితిమో అందున్నదని నా యభిప్రాయము. చట్టము దానిని విక్రేత మనస్సాక్షికి అప్పగించినది. నేల సంగతి నిజముగా తెలిసినవారు మాత్రము ఆ బేరములో కూర్చుండుటయే లేదు.

ప్లాటు ఒకటి తుది క్రేతకు చేరులోపల నాలుగైదు చేతులు మారును. మొదట రైతు. ఏ కార్తెలో ఎంత వానకు ఆ మడిలో మోకాలి లోతు నీరు నిలుచునో, ఎన్నాళ్లకు తీయునో, అతనికి వ్రేళ్లమీద లెక్క. అతడు దళారికి చెప్పినా చెప్పును. దళారి నేల నెత్తు చేయించి డెవలపరుకు అమ్మును. డెవలపరు రాళ్లు పాతి, రంగుల కరపత్రము వేసి ఉద్యోగస్థునకు అమ్మును. ఆ ఉద్యోగస్థుడు ఏడాదికొకమారైనను ఆ దిక్కునకు పోక, ధర పెఱిగినదని వినగానే మఱొకనికి అమ్మును. చివరి విక్రేతను బోనెక్కించి అడిగినచో తనకేమియు తెలియదని ప్రమాణము చేయగలడు. అది అబద్ధము గూడ కాకపోవచ్చును. ఆతనికి తెలియునని నిరూపింపవలసినది క్రేతయే. తెలిసిన రైతుతోనో క్రేతకు ఒప్పందమే లేదు. పైగా ఆ సెక్షను, పక్షముల నడుమ వేఱొక ఒప్పందము లేని యెడలనే వర్తించును గనుక, స్థలమును స్వయముగా చూచుకొని, సంతృప్తి చెంది కొనుచున్నానను ఒక వాక్యమును దస్తావేజు లేఖకుడు అలవాటుగా వ్రాసి పెట్టినచో, వాదమునకు మఱొక చిక్కు ముడిపడును.

సాధారణమైన జాగ్రత్త యన నెంత? మనలో ప్లాట్ల బేరమునకు అదను వేసవి. ఉగాదికి మాట కలిపి, అక్షయతృతీయకు బయానా ఇచ్చి, ఆషాఢము శూన్యమాసమని జ్యేష్ఠము దాటక మునుపే రిజిస్ట్రేషను ముగించువారు పలువురు. ఆ మాసములందు కుంట ఎండి, నెఱ్ఱెలువాసి, పిల్లలు క్రికెట్టాడుకొను మైదానముగా కనబడును. ఇంత జాగ్రత్తపరులైన మనవారు సిద్ధాంతిని వెంటబెట్టుకొని పోయి, తమ నూటయేబది గజములలో ఈశాన్యము పల్లముగా నున్నదా, నైరుతి మెఱకగా నున్నదా యని తాడుపట్టి చూతురే గాని, కాలనీ మొత్తమునకు పల్లమెటున్నది, ఎగువ కాలనీ నీరెల్ల ఏ దారిని వచ్చునని ఒక్క ప్రశ్న వేయరు. వాస్తు వద్దని నేననుట లేదు. ఆ శ్రద్ధలో నాల్గవవంతు నీటిదారిపై పెట్టినచో చాలునందును.

దస్తావేజులను దగ్గఱగా చదివినవారికి ఒక విశేషము కనబడును. పాత విక్రయ పత్రములందు హద్దులు వ్రాయుచోట, ఉత్తరము: కుంట శిఖం, తూర్పు: చెరువు కట్ట, దక్షిణము: అలుగు కాలువ, అని నేల స్వభావమంతయు పలికెడి మాటలుండును. లేఅవుటు పడిన పిమ్మట అదే నేలకు వ్రాసిన పత్రములో ఉత్తరము ప్లాటు నంబరగును, తూర్పు ముప్పదియడుగుల రోడ్డగును, దక్షిణము ఇతరుల స్థలమగును. ఎవ్వరును అబద్ధమాడలేదు, రోడ్డు రోడ్డే, ప్లాటు ప్లాటే. ఇట్లు ఏ ఒక్కరును దాచకయే నీరు కాగితము నుండి తొలగిపోయినది. కొనువారు తెచ్చుకొను లింకు డాక్యుమెంట్లలో మొట్టమొదటి దానిని తీసి హద్దులు చదువుమని చెప్పు వకీళ్లు కొందఱున్నారు. వారి మాట విలువైనది.

శిఖం పట్టాల కథ ఇంతకంటె విచిత్రమైనది. చెరువు నిండినపుడు మునిగి, నీరు తీసిన పిదప సాగునకు వచ్చు భూమిని తెలంగాణములో శిఖమందురు. అందులో ప్రభుత్వ శిఖము వేఱు, పట్టా శిఖము వేఱు. పట్టా గల రైతు హక్కు నిష్కళంకము, పహాణీలలో అతని తాత పేరుండును, అమ్ముటకు అడ్డులేదు. హక్కు పత్రములు పరిశీలించిన వకీలు స్వచ్ఛమైన టైటిలని అభిప్రాయ మిచ్చిన, ఆయన చెప్పినది అక్షరాల నిజము. అయితే ఆ నేల చెరువు పూర్తి నీటిమట్టము, అనగా ఎఫ్‌టీఎల్, లోపల నున్నది. అందు సాగు చేయవచ్చును గాని ఇల్లు కట్టరాదు. ఉమ్మడి రాష్ట్రమున 2012లో వెలువడిన 168వ నంబరు ప్రభుత్వ ఉత్తరువు పది హెక్టార్లును అంతకు మించియు నున్న చెరువులకు ఎఫ్‌టీఎల్ నుండి 30 మీటర్లు, అంతకు చిన్నవానికిని కుంటలకును 9 మీటర్లు బఫరుగా వదలవలెనని శాసించినది. హక్కునందు లోపము లేదు, నేలయందు లోపమున్నది. మన కాగితములన్నియు హక్కును చూచునవే గాని నేలను చూచునవి కావు.

ఇచ్చట ప్రభుత్వపు పాలు ప్రస్తావింపక తప్పదు. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున తీసుకొను ఈసీ యనబడు కాగితమును మన మధ్యతరగతి కుటుంబములు వేదవాక్యముగా నమ్మును. అది నిజమునకు, ఆ ఆస్తిపై నమోదైన క్రయవిక్రయముల, తాకట్టుల పట్టిక మాత్రమే. రిజిస్ట్రేషను చట్టపు 22ఏ నిషిద్ధ జాబితా యున్నది. అది ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫు భూములవంటి హక్కు సంబంధమైన విషయములకై ఏర్పడినది. చెరువు నీటిమట్టపు గీత నీటిపారుదల శాఖ పటమున నుండును. బోరునీటిలో ఏ రసాయనములున్నవో భూగర్భజల శాఖ దస్త్రమున నుండును. ఏ కర్మాగారము నుండి ఏ వాయువు వెలువడుచున్నదో కాలుష్య నియంత్రణ మండలి దగ్గఱ నుండును. ఏ వీధి ఏ సంవత్సరమున ఎంత లోతు మునిగినదో పురపాలక సంఘమునకు తెలియును. ఒకే ప్రభుత్వము, అది వసూలు చేయు స్టాంపు డ్యూటీ ఒకటే, తెలిసిన నాలుగు సంగతులు నాలుగు భవనములందు. వానిలో ఒక్కటియు క్రేత చేతికి వచ్చు కాగితమున లేదు. విక్రేత మౌనమును మోసమన్న చట్టము, ఇన్ని యెఱిగియు రుసుము పుచ్చుకొని ముద్రవేయువాని మౌనమునకు పేరు పెట్టలేదు.

2020 అక్టోబరు 13వ తేదీన మొదలైన వానకు హైదరాబాదు బేగంపేటలో దాదాపు 19 సెంటీమీటర్లు కురిసినది. టోలిచౌకిలో నదీమ్ కాలనీ వాసులు షాహాతిం చెరువు తమ ముంగిళ్లకు వచ్చుట చూచిరి; ఆ మాసముననే బాలాపూరు గుఱ్ఱం చెరువు కట్ట తెగి దిగువ బస్తీలు మునిగినవి. పత్రికలు చెరువులు కాలనీలలోనికి వచ్చినవని వ్రాసినవి. కాలనీలు చెరువులోనికి పోయి ఎన్నో యేండ్లయినది. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేటికి గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతము దినముల తరబడి నీటనుండినది. మేడమీద చిక్కుకొనిన వృద్ధులకు పాలప్యాకెట్లు పడవలపై పోయినవి. బుడమేరు బెజవాడ దుఃఖదాయిని యని పేరు పడినది నిన్న మొన్న కాదు. ఆ వరద పల్లమున ఇల్లు కొనినవారిలో ఎందఱి దస్తావేజులందు బుడమేరు అన్న మాట యున్నదో వెదకి చూడదగును.

అదే సంవత్సరము జులైలో తెలంగాణ ప్రభుత్వము హైడ్రా యను సంస్థను నెలకొల్పి, చెరువులలోని కట్టడములను కూల్చుటకు ఉపక్రమించినది. చెరువులు కాపాడవలెననుటలో నాకు రెండవ అభిప్రాయము లేదు. కాని అనుమతి పత్రము, బ్యాంకు ఋణము, కరెంటు మీటరు, ఏటేట ఇంటిపన్ను రసీదు, ఇన్నియు చేతబట్టుకొని వీధిలో నిలిచిన గృహిణి, ఇది చెరువని మాకెవరు చెప్పినారని అడిగినపుడు, సమాధానము చెప్పవలసినవారిలో మొదటివాడు ఆమెకు అమ్మినవాడు. అతనికి ఏ మాత్రము వెనుకబడనివాడు ఆమె దగ్గఱ రుసుములు పుచ్చుకొనినవాడు.

నీటి దోషము కంటికైనను కనబడును; వాయువు, విషము అట్టివి కావు. పటాన్‌చెరు, బొల్లారముల పారిశ్రామిక వ్యర్థములు నక్కవాగు పొడవునను నేలను, నీటిని చెఱచిన సంగతి 1990లోనే సర్వోన్నత న్యాయస్థానమునకు చేరినది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశమునందలి తీవ్ర కాలుష్య ప్రాంతములను నిర్ణయించినపుడు పటాన్‌చెరు–బొల్లారము వానిలో నుండినది. నేడాచుట్టుప్రక్కల బహుళాంతస్తుల భవనములు లేచినవి. పగలు ఫ్లాటు చూచిపోయిన దంపతులకు రాత్రి రెండవ జామున వచ్చు ఘాటైన వాసన గృహప్రవేశానంతరమే పరిచయమగును. విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురమున 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఒక కర్మాగారము నుండి స్టైరీన్ ఆవిరి వ్యాపించి 12 మంది మరణించిరి. ఆ కర్మాగారము 1961 నాటిది. ఇట్టిచోట 55వ సెక్షను నాశ్రయించినచో మఱొక అడ్డంకి యెదురగును. అది ఆస్తియందలి లోపమును గూర్చి మాటలాడుచున్నది; గోడకావలి ట్యాంకు ఆస్తియందలి లోపమగునా? 1882లో ఆ ప్రశ్న పుట్టలేదు.

ఈ ప్రశ్నలు పుట్టి, రక్తము చూచి, కొంతవఱకు సమాధానము పొందిన దేశము అమెరికా. నయాగరా జలపాతము చెంత లవ్ కెనాల్ అను అర్ధాంతరముగా విడిచిన కాలువలో హుకర్ రసాయన సంస్థ 1942 మొదలు దశాబ్దకాలము పైచిలుకు రమారమి 21,000 టన్నుల రసాయన వ్యర్థములను పూడ్చినది. 1953లో ఆ స్థలమును ఒక్క డాలరునకు అచ్చటి పాఠశాలల మండలికి బదలాయించినది. మన వాదమునకు కీలకమైన సంగతి ఇచ్చట నున్నది: ఆ దస్తావేజులో రసాయనములు పూడ్చిన మాట వ్రాసియే యున్నది, దానివలన కలుగు హానికి తమ పూచీ లేదనియు వ్రాసియే యున్నది. చట్టరీత్యా వెల్లడి జరిగినది. మండలి దానిపై బడి కట్టినది; మిగిలిన భూమి ఇండ్లు కట్టువారికి పోయినది; చుట్టును వీధులు వెలసినవి. వానలకు నేల ఉబికి పెరళ్లలో నల్లని ద్రవములు తేలి, నేలమాళిగలలో దుర్గంధము వ్యాపించి, 1978 ఆగస్టులో రాష్ట్ర ఆరోగ్యాధికారి అత్యవసర పరిస్థితిని ప్రకటించువఱకు వచ్చినది. అచ్చట ఇండ్లు కొనినపుడు ఆ కుటుంబములలో పలువురకు తమ పిల్లలు ఆడుకొను మట్టి ఏ మట్టియో తెలియలేదు. లోయిస్ గిబ్స్ అను గృహిణి ఇరుగుపొరుగుల గూర్చుకొని చేసిన పోరాటము 1980 నాటి సూపర్‌ఫండ్ చట్టమునకు దారితీసిన కారణములలో నొకటి. మొదటి క్రేతకు చెప్పిన నిజము రెండవ క్రేతను చేరలేదు. ప్రకటన మనిషికి చేసినారు, నేలకు తగిలింపలేదు. విషము మాత్రము నేలతోనే ఉండిపోయినది. మన శిఖం రైతు నోట నున్న మాట ఉద్యోగస్థుని చెవికి చేరకుండుట ఇదే కథకు స్వదేశ రూపము.

న్యూజెర్సీలో ఈ వాదము మఱియొక మెట్టెక్కినది. వూర్హీస్ అను పట్టణమున బజ్బీ చెత్తగుట్ట మూతబడిన పిమ్మట, దాని చెంత క్రొత్త ఇండ్లు కట్టి అమ్మినవారు ఆ మాట కొనువారికి చెప్పలేదు. కుటుంబములు న్యాయస్థానమునకు పోయినవి. స్ట్రాన్ వర్సస్ కనూసో అను వ్యాజ్యములో 1995లో ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము, అమ్మిన ఇంటి హద్దులకు వెలుపల నున్న దోషమైనను, ఇంటి విలువను, నివాసమును ప్రభావితము చేయునదైనచో, వృత్తిగా ఇండ్లు కట్టి అమ్మువారును, వారి మధ్యవర్తులును దానిని చెప్పవలసినదేనని తీర్పునిచ్చినది. తీర్పునకు జడిసిన గృహనిర్మాతలు శాసనసభకు పోగా, అదే సంవత్సరము వచ్చిన చట్టము పరిష్కారమును తేలిక చేసినది: చెత్తగుట్టలు, విషస్థలములు, హైటెన్షన్ తీగలవంటి వాని జాబితా పురపాలక కార్యాలయమున నుంచవలెను, క్రొత్త ఇల్లు కొనువానికి ఆ జాబితా యున్నదని కట్టినవాడు తెలుపవలెను. విక్రేత యెఱుకను నిరూపింపవలసిన బాధ తగ్గి, జాబితా యెచ్చట నున్నదన్న ప్రశ్న మిగిలినది. అమెరికాలో 1978కి పూర్వము కట్టిన ఇల్లు కొనువానికి గోడల రంగులోని సీసమును గూర్చి తెలిసినదంతయు చెప్పి, ఒక చిన్న పుస్తకమిచ్చి, పది దినములు పరీక్ష చేయించుకొను అవకాశమీయవలెనని 1992 నాటి చట్టము. ఆ దేశమున స్థిరపడిన మన తెలుగువారు అచ్చట ఇల్లు కొన్నపుడు ఇట్టి కాగితములపై సంతకములు పెట్టిరి. మఱి అదే సొమ్ముతో హైదరాబాదు శివార్లలో ప్లాటు కొన్నపుడు వాట్సాప్‌లో వచ్చిన బ్రోచరుతో తృప్తిపడుచున్నారు. అడుగు అలవాటు దేశమును బట్టి మాఱుట వింతయే.

రెరా యను స్థిరాస్తి నియంత్రణ చట్టము 2016లో వచ్చినది గదా యందురు. అది మేలు చేసినది. ప్రకటనలోని అసత్యమునకు పరిహారము, టైటిలు లోపమునకు కాలదోషము పట్టని పరిహారము దానివలన సమకూడినవి. కాని ఐదువందల చదరపు మీటర్లకు గాని ఎనిమిది ఫ్లాట్లకు గాని మించని పథకములకు అందు నమోదు అక్కఱలేదు. ఒక గృహస్థుడు మఱొక గృహస్థునకు చేయు పాత ఇంటి అమ్మకము దాని పరిధిలో లేదు. మన వీధులలో జరుగు బేరములు ఎక్కువగా ఈ రెండు జాతులవే.

వెల్లడి నిర్బంధమైనచో ధరలు కూలునని ఒక అభ్యంతరము. ధర అప్పుడు కూలుట కాదు. తెలిసినవాడు నేటికే తక్కువకు కొనుచున్నాడు, తెలియనివాడు ఎక్కువకు కొనుచున్నాడు. ఆ తేడా ఎవరి జేబులో పడుచున్నదో ఊహించుట కష్టము కాదు. చెరువుల గీతలే ఇంకను తేలలేదు, ప్రాథమిక ప్రకటనకును తుది ప్రకటనకును నడుమ తగవులున్నవి, అట్టి గీతను ఎట్లు ప్రకటింతురని రెండవ అభ్యంతరము. ఇది బరువైన మాటయే. తప్పుగీత పడిన రైతు నష్టపోవును. దానికి మార్గము మౌనము కాదు. గీత వివాదములో నున్నదని వ్రాయుటయే. కోర్టులో దావా యున్నదని తెలిసియు భూమి కొనువారు లేరా? వారు తెలిసి కొనుచున్నారు.

కనుక కోరదగినది పెద్ద చట్టమేమియు కాదు. ఈసీ వెనుక మఱొక పుట చేర్చి, ఆ సర్వే నంబరు ఎఫ్‌టీఎల్ లోనో బఫరు లోనో ఉన్నదా, గత వరదలందు మునిగినదా, భూగర్భజలము త్రాగదగినదా, చేరువలో ప్రమాదకర కర్మాగారముగాని చెత్తగుట్టగాని ఉన్నదా యని ఆయా శాఖల సమాచారమునుండి ముద్రించి ఈయవలెను. ఒకసారి ఆ పుటకు ఎక్కిన దోషము ఎన్ని చేతులు మారినను నంబరుతోనే పోవలెను. దస్తావేజులో ఇరుపక్షములు ఆ పుటను చదివితిమని సంతకము చేయవలెను. రెండు రాష్ట్రముల రిజిస్ట్రేషను శాఖలును ఇప్పటికే కంప్యూటరులలో ఈసీ నిచ్చుచున్నవి. శాఖలు తమ పటములను ఒకరికొకరు ఇచ్చుకొనుటకు కావలసినది ఉత్తరువు మాత్రమే.

అది వచ్చువఱకు కొనబోవు పాఠకులకొక మనవి. బయానా చెల్లించు ముందు అగ్రిమెంటులో, ఈ స్థలము చెరువు, కుంట, నాలాల ఎఫ్‌టీఎల్, బఫరు పరిధులలో లేదనియు, తన యెఱుకలో ఎన్నడు మునుగలేదని గాని, మునిగినయెడల ఫలానా సంవత్సరమున మునిగినదని గాని విక్రేతచే వ్రాయించుకొనుడు. అదే సర్వే నంబరుపై నీటిపారుదల శాఖకు సమాచార హక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టుడు. సమాధానమునకు ముప్పది దినములు గడువు. ఆ ముప్పది దినములు ఆగుటకు విక్రేత ఒప్పుకొననియెడల బయానా చెల్లింపకుడు.